తిరగేసి అచ్చయిన అరవై బోర్డులు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్ పెద్ద కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అబ్బా పోయిండు. పొద్దున చాయ్ తాగి ఒరిగిండు, మళ్ల లేవలే" అంది. దొరికిన బస్సెక్కి బయలుదేరాను.

ఉస్తాద్ ఊరు హాలియా చేరేసరికి మగవాళ్లంతా ఖబరస్తాన్‌కు వెళ్లిపోయారు. ఉస్తాద్ భార్య పక్కన చాపమీద కూర్చున్నాను. ఆమెను నేను అమ్మీ అంటాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినా, "తిన్నవా బిడ్డా?" అనే అడిగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్నను తప్పించుకుని బయటపడిన వాళ్లు లేరు. తిన్నానని అబద్ధం చెప్పాను.

ఉస్తాద్‌ను పేరుపెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మెయిన్ రోడ్డు మీద ఆయన దుకాణంలో కాలిన మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టేవారు, స్టార్టర్లు బాగుచేసేవారు. ఎనభైల్లో మా వైపు రైతుకు కరెంటే పెద్ద దిగులు. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందంటే మోటారు తిరగలేక మూలిగి మూలిగి కాలిపోయేది. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే చిన్న డబ్బాను ఉస్తాద్ సొంతంగా తయారుచేశాడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. పాడైన రేడియోలు విప్పి విప్పి నేర్చుకున్న విద్య అది.

ఆ డబ్బాలో ఉండే సర్క్యూట్ బోర్డును మొదట్లో చేత్తోనే గీసేవాడు. రాగి రేకు అతికించిన పలక మీద సన్న కుంచెతో రంగు గీతలు వేసి, మందు నీళ్లలో ముంచేవాడు. రంగు ఉన్నచోట రాగి నిలిచేది, మిగతాది కరిగిపోయేది. గీత వేస్తున్నంతసేపు ఊపిరి బిగబట్టేవాడు. ఒకసారి మండలాఫీసు పెద్దసారు వచ్చి నిలబడితే, తల ఎత్తకుండానే చేయెత్తి ఆగమన్నాడు. సారు ఆగాడు కూడా.

నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి రెండేళ్లు ఖాళీగా ఉన్నాను. కాలువ కింద నాట్లకు పోయే ఇంటి ఆడపిల్ల బోర్డులు గీస్తానంటే నవ్వేవాళ్లే ఎక్కువ. మా నాయిన వెంటబెట్టుకుని వెళ్తే, ఉస్తాద్ సర్టిఫికెట్లు విప్పనే లేదు.

"చేయి వణుకుతదా బిడ్డా?"

"వణకదు."

"అయితే రేపటి సంది రా."

తొంభైల చివర్లో డబ్బాలకు గిరాకీ పెరిగి, ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ తెచ్చాడు. హైదరాబాదు నుంచి ఎవరో డీలరు వచ్చి బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. కంప్యూటర్ వెనకాల ఒక చిన్న ప్లగ్గు పెడితేనే అది తెరుచుకుంటుంది, తాళానికి చెవి ఉన్నట్టు. ఉస్తాద్ చేతి గీతలన్నిటినీ నేను అందులో గీశాను. పెండ్లి కార్డులు వేసే ఆయనతో పలకల మీద అచ్చు వేయించేవాళ్లం. ఏడాది బాగానే సాగింది. తర్వాత ఒక ఎండాకాలం వోల్టేజి ఎగిరిపడి ఆ ప్లగ్గు కాస్తా కాలిపోయింది. ఊరి మోటార్లన్నీ కాపాడే దుకాణంలోనే! డీలరును అడిగితే మొత్తం మళ్లీ కొనాలన్నాడు. గీసిన బోర్డులన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, తెరుచుకోవు.

"మనం గీసింది మనం చూడనీకి ఇంకొకని తాళంచెవి కావాల్నా? గిదేం ఇన్సాఫ్?" అన్నాడు ఉస్తాద్. ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

దారి నేనే చూపించాను. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన లినక్స్ సీడీలో బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి తాళం లేదు. ఎవరైనా వాడుకోవచ్చు, అది ఎలా తయారైందో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఉస్తాద్ నమ్మలేదు.

"ఇంకొకలకు ఇయ్యొచ్చా? నేరం కాదా?"

"కాదు ఉస్తాద్. ఇచ్చుకోవాల్ననే పెట్టిన్రు."

"మంచోళ్లున్నరు బిడ్డా, ఏ దేశపోళ్లో."

మా దుకాణంలో మోటార్లు చుట్టే పెద్దాయనను అందరం మామా అనేవాళ్లం. ఆయనకు మాత్రం ఇది నచ్చలేదు. "నాట్లు ముంగటున్నయి. ముఫ్త్‌గ వచ్చినదాన్ని నమ్మి గీ ప్రయోగాలేంది?" అన్నాడు. ఏదన్నా తేడా వస్తే నాదే పూచీ అన్నాను. ఎవరూ అడగని పూచీ అది. నోరు ఊరుకోక అన్నాను.

పదిహేను రోజులు కూర్చుని అంతా మళ్లీ గీశాను. అరవై బోర్డులు అచ్చయి వచ్చాయి. మొదటి బోర్డులో ఐసీ చిప్పు పెట్టబోతే దాని కాళ్లు కుదరలేదు. కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఒకటి కాదు, అరవైకి అరవై.

తెర మీద బోర్డును పైనుంచి చూస్తాం. రాగి గీతలు ఉండేది కిందివైపు. కాబట్టి అచ్చు తీసేటప్పుడు అద్దంలో చూపినట్టు తిప్పి తీయాలి. పాత సాఫ్ట్‌వేర్‌లో డీలరే ఆ ఏర్పాటు చేసిపోయాడు గనక నాకు తెలియదు. ఉస్తాద్ ఎప్పుడూ రాగి వైపునుంచే గీసే మనిషి, ఆయనకు తిప్పే అవసరమే రాలేదు. ఇద్దరికీ తెలియని చోటే ఇద్దరం పడ్డాం.

"నేన్ చెప్పలే?" అన్నాడు మామ. అప్పటికే వానలు మొదలై, రైతులు డబ్బాల కోసం రోజూ వచ్చిపోతున్నారు. వెనక గదిలోకి పోయి ఏడ్చాను. రేపటి నుంచి రావొద్దని ఉస్తాద్ చెప్పకముందే నేనే మానేస్తే మర్యాదగా ఉంటుందనుకున్నాను.

తిరిగి వచ్చేసరికి ఉస్తాద్ ఒక బోర్డును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పుతున్నాడు. "రంధ్రాలు సక్కగనే ఉన్నయి. పార్టులేమన్న పెండ్లి పెద్దలా, గీ దిక్కే కూసుంటమని పట్టుపట్టనీకి?" అన్నాడు. పైన పెట్టాల్సిన పార్టులన్నిటినీ రాగి వైపే కూర్చోబెట్టి, టంకం పెట్టడానికి సందుండేలా కాళ్లు కొంచెం ఎత్తి, ఓపిగ్గా అతికించాడు. కరెంటు ఇచ్చి, ఒక ఫేజు పీకేశాడు. డబ్బా టక్కున ఆపేసింది. నా మొహం చూసి, "ముందుగాల చాయ్ తాగు. ఇంక యాభై తొమ్మిదున్నయి" అన్నాడు.

ప్రతి డబ్బా మూత లోపల సర్క్యూట్ బొమ్మ అతికించడం ఆయన అలవాటు. ఏ ఊరి మెకానిక్ అయినా చూసి బాగుచేయగలగాలి గదా అనేవాడు. ఆ అరవైలో మాత్రం బొమ్మ కింద తన చేత్తో ఒక మాట రాశాడు: "పార్టులు రాగి దిక్కు ఉన్నవి. పరేషాన్ కావొద్దు." ఎవరి తప్పో రాయలేదు.

మరుసటి ఏడు ఒక రైతు పాడైన డబ్బా తెచ్చాడు. అది మా దుకాణంలో చేసింది కాదు, అచ్చంపేటలో కొన్నానన్నాడు. విప్పితే మా బోర్డే, అచ్చంగా. పార్టులు కూడా రాగి వైపే, కాళ్లు ఎత్తి! అక్కడి దుకాణదారు ఆ అరవైలో ఒకటి చూసి దించుకున్నట్టున్నాడు. నా గీతే కాదు, నా తప్పును కూడా వదల్లేదు మహానుభావుడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉస్తాద్ కండ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"పాపం, గట్ల ఎత్తి అతికించుడు ఎంత తిప్పల! ఏడాది సంది చేస్తున్నట్టుండు. బిడ్డా, మన బోర్డు ఫ్లాపీల ఎక్కియ్యి. గా సీడీ గూడ పెట్టుకో. రేపు అచ్చంపేట పోదాం."

"దొంగతనం జేసినోనికి మనమే పోయి ఇచ్చుడా ఉస్తాద్?"

"మనకిచ్చినోళ్లు మన మొకం చూసి ఇచ్చిన్రా?"

ఆ రాత్రే బోర్డును ఫ్లాపీలోకి ఎక్కించాను.

అచ్చంపేట దుకాణదారు ఉస్తాద్‌ను చూడగానే తెల్లబోయాడు. లోపల పనిచేస్తున్నవాళ్లు లేచి నిలబడ్డారు. "కొట్లాటకు రాలే. నకల్ కొడితే సక్కటిది కొట్టుమని చెప్పనీకి వచ్చిన" అన్నాడు ఉస్తాద్.

"మాఫ్ చెయ్యున్రి ఉస్తాద్. మీరు గీసిందని తెలిసే..."

"నేను గీయలే. గీ బిడ్డ గీసింది. ఏమడగాల్నన్నా ఈమెను అడుగున్రి" అని చెప్పి ఆయన బయటికి నడిచాడు.

వాళ్లు జరిగి నాకు చోటిచ్చారు. సీడీ ఎక్కించాను, బోర్డు తెరిచి చూపించాను. దుకాణదారు మొహమాటంగా అడిగాడు: "మేడమ్, మరి గా పార్టులు రాగి దిక్కెందుకు పెట్టిన్రు? మేం ఎంత ఆలోచించినా సమజ్ కాలే."

నన్ను మేడమ్ అని పిలిచిన మొదటి మనిషి అతను. ఏదో ఒక పెద్ద కారణం చెప్పి తప్పించుకోవచ్చు. గుమ్మం వైపు చూశాను.

"నేను తప్పు జేసిన. ఉస్తాద్ సరిజేసిండు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఇంకా దగ్గరికి జరిగి, ఆ తప్పు ఎలా జరిగిందో చెప్పమన్నారు. మొత్తం చెప్పేసరికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ ఉస్తాద్ బయట కాలిపోయిన మోటారు ఒకటి బోర్లించి ఉంటే దానిమీద కూర్చుని, చేతిలో చాయ్ గ్లాసుతో రోడ్డు వైపే చూస్తున్నాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి లోపలికి తొంగిచూడలేదు.