మూడు చాసిస్‌లు, ఒక మెడ

2023 చలికాలం. సౌదీలోని హాయిల్ పట్నంలో లైసెన్సున్న వేట సామాన్ల షాపు, దాని వెనక రేకుల వర్క్‌షాపు, అందులో నేను. ఏడో తరగతిలో బడికీ నాకూ పొసగక జగిత్యాల దగ్గర మా మామ వద్ద వడ్రంగం పట్టాను. ఇక్కడికి తలుపులు బిగించడానికి వచ్చి, చివరికి రైఫిళ్ళకు కర్ర బిగించేవాణ్ణయ్యాను. పేల్చే పని నాది కాదు. పేలేది సరిగ్గా కూర్చుందా లేదా అన్నంతవరకే నా భాగోతం.

రైఫిల్ వెనక చెంపకూ భుజానికీ ఆనే కర్రను స్టాక్ అంటారు. గురి పోటీలకు వెళ్ళేవాళ్ళు ఇప్పుడు కర్ర వదిలి చాసిస్‌కు మళ్ళుతున్నారు. లారీది కాదు, ఇది అల్యూమినియం చట్రం. కర్ర ఎండకూ తేమకూ అలుగుతుంది, చట్రం అలగదు. రైఫిల్ ఇనుప ఒళ్ళు, అంటే యాక్షన్, రెండు స్క్రూలతో అందులో కూర్చుంటుంది. ఆ స్క్రూలను ఎంత బిగించాలో తయారీవాళ్ళు కాగితం మీద రాసి ఇస్తారు. ఆ లెక్క తప్పితే గుండ్లు చెదురుతాయి. లెక్క చేరగానే టక్కుమని చెప్పే పానా పేరు టార్క్ రెంచి.

అబూ నాసర్ రిటైరైన లెక్కల మాస్టారు, షూటింగ్ క్లబ్బు జట్టులో పాత కాపు. కారు ప్రమాదంలో మెడ దెబ్బతిన్నాక తల వంచి చెంప ఆనిస్తే నొప్పికి ఓర్చుకోలేకపోతున్నాడు. శనివారం జట్టు ఎంపిక. మంగళవారం నా దగ్గరికొచ్చాడు.

“ముఅల్లిమ్, నా మెడకూ గురికీ రెండింటికీ కుదిరే చాసిస్ ఉంటే చూపించు. లేకపోతే పేరు కొట్టేయమని చెప్పి ఇంట్లో కూర్చుంటా.”

పనితనం ఉన్నవాణ్ణి ఇక్కడ ముఅల్లిమ్ అంటారు, మాస్టారు అని. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి లెక్కల మాస్టారు మాస్టారూ అని పిలుస్తుంటే ఛాతీ పొంగదా? పొంగింది. అదే ముంచింది.

షాపులో మూడు చాసిస్‌లున్నాయి. మొదటిది బరువైనది, రాయిలా కదలదు. రెండోది తేలికైనది, చెంప ఆనే చీక్ పీస్‌ను కావలసినంత పైకి లేపుకోవచ్చు. మూడోది అల్యూమినియం వెన్ను మీద అక్రోటు చెక్క పలకలు తొడిగినది. ఆ పలకలు నేనే చెక్కాను. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంటుంది గానీ దాని చీక్ పీస్ కదలదు.

పెళ్ళికొడుకును షాపులోనే రెంచితో, కాగితం చూసి, ముద్దుగా బిగించాను. మిగతా రెండింటినీ ఆ సాయంత్రమే క్లబ్బు మైదానంలో మార్చాలి. అక్కడికి వెళ్ళి చూస్తే రెంచి షాపు డ్రాయర్లోనే ఉండిపోయింది. పోతే పోనీ, ఇరవై ఏళ్ళ వడ్రంగి మణికట్టు ఉందిగా అనుకుని చేత్తోనే బిగించేశాను.

అబూ నాసర్ ఒక్కో దానితో వంద మీటర్ల నుంచి అయిదేసి గుండ్లు పేల్చాడు, నొప్పిని పంటి బిగువున ఆపుకుని. నా చెక్కదాని అయిదు రంధ్రాలనూ ఒక రియాల్ బిళ్ళ కింద మూయొచ్చు. బరువైనది ఓ మోస్తరు. తేలికైనదానివి అరచేయంత మేర చెదిరాయి. ఆయనకు మెడ నొప్పి లేకుండా కుదిరింది మాత్రం ఆ తేలికైనదొక్కటే. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మెడ ఒప్పుకున్నదాన్ని గురి ఒప్పుకోలేదు. ఖలాస్, ముఅల్లిమ్.”

బుధవారం నాకు కాలు ఒకచోట నిలవలేదు. డ్రాయరు తీస్తే రెంచి, మూస్తే రెంచి. మధ్యాహ్నం షాపు మూసే వేళకు గదికి వెళ్ళాను. అన్నం కలుపుతున్నాను, తినడం లేదు. గదిలో నాతో ఉండే ఏసీ మెకానిక్ గంగారాం, ఆర్మూర్ మనిషి, చూసి చూసి అడిగాడు.

“ఏంది బావా, ఆ అన్నంతోని గోడ కడుతున్నవా?”

చెప్పాను.

“అరె, కర్రనైతే చెయ్యితో బిగిస్తవు, అది కిర్రుమని చెప్తది. అల్యూమినియం నీకేం చెప్తది? నోరుందా దానికి?”

“అది తెలుస్తనే ఉన్నది. చెప్తే మేనేజర్ పాస్‌పోర్ట్ మీద ఎగ్జిట్ కొట్టిచ్చి ఇంటికి పంపిస్తడేమోనని.”

“చెప్పకుంటే ఆ ముసలాయన ఇంట్ల కూసుంటడు. నీ ఎగ్జిట్ సంగతి తర్వాత, ఆయనకైతే నువ్వే ఎగ్జిట్ కొట్టేసినవు గదా.”

అన్నం అక్కడే వదిలేసి లేచాను. సాయంత్రం అబూ నాసర్ రైఫిల్ అమ్మకానికి ఇవ్వడానికి వచ్చాడు. మేనేజరు, అంటే మా ముదీర్, కౌంటరు దగ్గరే ఉన్నాడు. నా అరబ్బీ మామూలుగానే కుంటుతుంది, ఆ రోజు పూర్తిగా కూలబడింది. ఎలాగో చెప్పాను: ఒకదాన్ని రెంచితో, రెండింటిని చేత్తో.

ముదీర్ ముఖం ఎర్రబడింది. అబూ నాసర్ చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు.

“రెంచితో బిగించింది ఏది?”

“చెక్కది.”

“ఆ చెక్క ఎవరు చెక్కారు?”

“నేనే.”

ఆయన రైఫిల్‌ను కౌంటరు మీద పెట్టాడు.

“ముప్ఫై ఏళ్ళు బడిలో ఉన్నాను. నా కొడుకు పేపరు ఒక్కసారి కూడా నేను దిద్దలేదు. నీ పిల్లాడి పేపరు నువ్వే దిద్దుకున్నావు, ముఅల్లిమ్.”

రెంచి మరిచిపోయానని మాత్రమే నేను ఒప్పుకున్నాను. ఆయన దానికంటే లోతుకు పోయాడు. నిజమే, చెక్కది గెలిచినప్పుడు లోపల ఈల వేసుకున్నాను. తక్కినవి ఎందుకు చెదిరాయని అడగాలని కూడా తోచలేదు.

గురువారం మళ్ళీ మైదానం. మూడింటినీ రెంచితో, ఏ కాగితం లెక్క దానికి. కొలిచే పని అబూ నాసర్ నాకివ్వలేదు. గురి కాగితాల వెనక గుర్తులు పెట్టి, ఏది దేనిదో తెలియని క్లబ్బు గుమాస్తా చేత కొలిపించాడు. చెక్కదే గెలిచింది, వెంట్రుకవాసిలో. తేలికైనది దాని వెనకే నిలబడింది. అబూ నాసర్ కాగితం చూశాడు, తల తిప్పి నన్ను చూశాడు. నొప్పి లేకుండా తిప్పాడు.

శనివారం తేలికైనదానితోనే ఎంపికకు వెళ్ళాడు, జట్టులో ఆఖరి చోటు ఆయనదే. ముదీర్ నన్ను వారం రోజులు పలకరించలేదు. ఎగ్జిట్ కొట్టించలేదు కాబట్టి ఆ మౌనం సంగీతంలా విన్నాను.

ఆ వ్యవహారం నాకు నేర్పింది రెంచి మరవకూడదని కాదు, అది ఏ చవట అయినా నేర్చుకుంటాడు. రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి పోల్చేవాడికి వాటిలో ఒకటి తనదై ఉండకూడదు. ఉంటే ముందే నోరు విప్పి చెప్పుకోవాలి. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏ చాసిస్ మంచిదని అడిగితే, చెక్కది నేను చెక్కానని ముందు చెబుతాను. ఆ తర్వాత రైఫిల్ సంగతి వదిలేసి, మీకు ఎక్కడ నొప్పి అని అడుగుతాను.