అరచేతికి తెలియని వేడి

ఇస్త్రీ అత్త రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, మనవరాలు చదువుకు వెళ్తూ అప్పగించిన లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లి గాజుపెట్టెలో చెయ్యి పెట్టి వేడి చూసేది. ఒక మూల అడుగున కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాట్, రెండో మూల చల్లని గూడు, చెప్పినట్టే అమర్చింది. అయినా బల్లి వారం నుంచి పురుగు ముట్టక, చల్లని మూలనే ముడుచుకుని చిక్కిపోతోంది. వెచ్చదనం చాలలేదేమోనని ఆమె రోజుకింత వేడి పెంచింది.

అత్త మెట్లెక్కే పని లేకుండా ఇస్త్రీ బట్టలు తానే తెచ్చిచ్చే మేడమీది ఇంటివాళ్ల కోడలు, ఒకరోజు పెట్టెలో చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "అయ్యో అత్తా, పెనంలా కాలుతోంది! మీకు తెలీలేదా?"

నలభై ఏళ్లు ఇస్త్రీపెట్టె పట్టిన అరచేతిని చూసుకుని ఆమె నీరసంగా నవ్వింది. "ఇది చెయ్యి కాదమ్మా, అట్టముక్క." వేడి తగ్గించి, అడగలేక అడిగింది. "రోజూ పొద్దున ఓసారి నీ చెయ్యి పెట్టి చూసిపోవా తల్లీ?"