బల్లకు రానివాళ్ళకు బియ్యం లేవు

రెండు వేల మూడో సంవత్సరం, నవంబరు నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం పన్నెండుంబావు. చర్చిలో ఆరాధన అయిపోయింది. నేను మూడు సోలల బియ్యమున్న గిన్నె పట్టుకుని బయటికి వస్తుంటే గుడి తలుపు దగ్గర సంఘ పెద్ద అడ్డంగా నిలబడ్డాడు.

"అవెక్కడికండీ?"

"కాలవగట్టు మీదకి."

"ఎవరికోసమో?"

"తెలిసే అడుగుతున్నారు."

మా పేటలో ప్రతి ఇంటి ఆడదీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తుంది. అది దేవుడి పిడికెడు. శనివారం సాయంత్రం నేను సంచి పట్టుకుని గడప గడపకూ తిరిగి, పోగైనవి గుడిలో చెక్కపెట్టెలో పోసేదాన్ని. పెట్టె తాళం స్త్రీల సమాజానిది. అది నా బొడ్లో ఉండేది. మంచాన పడ్డవాళ్ళకూ, దిక్కులేని ముసలివాళ్ళకూ ఆ బియ్యం ఇవ్వాలన్నది మా అత్తల కాలం నాటి ఏర్పాటు. ఇరవై ఏళ్ళు ఆ సంచి మోశాను. దేవుడు నాకిచ్చిన పని అదేనని నమ్మాను. రేపు ఆయన ముందు నిలబడితే చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

కాలవగట్టు మీద పాకలో ఉన్నది మా పేట పిల్లే. కువైట్లో ఇంటిపనికి వెళ్ళి, మేడ మెట్ల మీదనుంచి పడి, నడుం విరిగి తిరిగొచ్చింది. మొగుడు అప్పటికే మరొకదాన్ని తెచ్చుకున్నాడు. మొదట్లో కర్ర ఊతంతో నడిచేది. ఒక ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం మోకరించబోతే, "అక్కడ ఏం చేసొచ్చిందో ఎవరికి తెలుసు" అని అందరికీ వినబడేలా అన్న నోరు ఒకటుంది. ఆ నోరు నాది. అంతటితో ఊరుకోలేదు. బల్లకు రానివాళ్ళకు బియ్యం ఇవ్వకూడదని సమాజం కూటంలో పట్టుబట్టి కట్టుబాటు చేయించాను. ఆమె మళ్ళీ గుడి మెట్టెక్కలేదు.

ఆ తర్వాత నేను అక్షరాలు నేర్చుకున్నాను. యాభై నాలుగో ఏట, కొబ్బరి పీచు తీసి తీసి మొద్దుబారిన చేతులతో పలక పట్టుకుని, పాస్టరమ్మగారి వంటింట్లో కూర్చుని. ఆకలిగా ఉన్నవాడికి పెట్టకపోతే ప్రభువుకే పెట్టనట్టన్న సంగతి అంతకుముందు వందసార్లు విన్నాను. విన్నది విన్నట్టే జారిపోయేది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి కూడబలుక్కుంటుంటే వేలు ముందుకు కదలలేదు. ఆ వారమే పాకకు బియ్యం పట్టుకెళ్ళాను. అప్పటికి ఆమె మంచం దిగలేని స్థితికి వచ్చింది. ఏడాదిపాటు నన్నెవరూ అడగలేదు.

ఆ ఆదివారం అడగడానికి కారణం గంటగోపురం. పునాదిరాయి వేయడానికి బిషప్పు పెద్దయ్యగారు వస్తున్నారు, విందు చేయాలి, పెట్టెలో బియ్యం మొత్తం విందుకు కావాలి. సంఘ పెద్ద మలికిపురం కొట్లకు కొబ్బరికాయ తోలే మనిషి, నాకు వరసకు మరిది.

"వదినగారూ, ఆ కట్టుబాటు మీరే పెట్టించేరు కదండీ. ఇప్పుడు మీరే తప్పుతారా?"

"పెట్టించేను. తప్పుడు కట్టుబాటది. తీసేయండి."

"ఆయ్. మీకు తోచినప్పుడు వేయడానికీ తోచనప్పుడు పీకడానికీ ఇదేవన్నా పెళ్ళిపందిరండీ?"

వెనక ఎవరో నవ్వారు. దాంతో అతనికి ఊపొచ్చింది.

"గోపురం కడితే రాజోలు బస్సులోంచి కనబడాలండీ. వందేళ్ళు నిలబడుద్ది. మనం పోయేకా మన పేరు చెప్పుకుంటారు."

"వందేళ్ళేనా? ఆ పైన ఏం చేస్తారు మరిదిగారూ? అక్కడ మిమ్మల్ని గోపురం ఎత్తెంతని అడుగుతారా, మంచాన పడ్డదానికి ఏం పెట్టేవని అడుగుతారా?"

"నాలుగచ్చరాలు రాగానే మాకే వాక్యం చెబుతున్నారండీ ఈవిడ."

"చదువుకుని చెబుతున్నాను. మీరు ఇన్నాళ్ళూ చదవకుండానే చెప్పేరు."

పాస్టరు అయ్యగారి వైపు చూశాను. ఆయన బైబిలు సంచి జిప్పు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. మెతకమనిషి అంటారందరూ. పిరికివాణ్ణి మెతకమనిషి అనడం మా వైపు మర్యాద.

"తాళం ఇచ్చేయండి," అన్నాడు సంఘ పెద్ద. "గిన్నె అక్కడ పెట్టేయండి. లేదంటే సమాజంలోంచి తీసేస్తాం. సంచి ఇంకొకరు మోస్తారు."

తాళం తీసి అతని చేతిలో పెట్టాను. గిన్నె పెట్టలేదు. అతని పక్కనుంచి బయటికి నడిచాను. ఆడమనిషి మీద చెయ్యి వేసి ఆపే ధైర్యం అతనికి లేదు. వెనకనుంచి ఒక గొంతు "దొంగబియ్యం" అంది. తిరిగి చూడలేదు గానీ ఆ గొంతెవరిదో నాకు తెలుసు. ఇప్పటికీ క్షమించలేదు. క్షమించాలని ప్రార్థన చేస్తున్నాను, ఇష్టం లేకుండానే చేస్తున్నాను.

పాకలో ఆమె దడివైపు తిరిగి పడుకుని ఉంది. నా అలికిడి విని తల తిప్పకుండానే మాట్లాడింది.

"అత్తా, పక్క పాకామె కూతురింటికి రావులపాలెం ఎల్లిపోయింది. నిన్న మధ్యాన్నం నుంచి పొయ్యి ఎలగలేదు. పచ్చిబియ్యం నమలమంటావా?"

ఏడాదిగా గుమ్మంలో గిన్నె దించి, ఎవరైనా చూస్తారేమోనని వెంటనే తిరిగి వెళ్ళిపోయేదాన్ని. ఎవరు వండుతున్నారో, ఎవరు పక్కకు తిప్పి పడుకోబెడుతున్నారో ఒక్కనాడూ అడగలేదు. సంఘ పెద్దకు గోపురం ఎలాగో నాకు గిన్నె అలాగ.

"ఆవేళ నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"ఆ మాట నాకు గుర్తుంది. మళ్ళీ చెప్పక్కర్లేదు. ముందు ఎసరు పెట్టు. ఆకలితో తిట్టలేకపోతున్నాను."

కొబ్బరిడొక్కలు ఏరుకొచ్చి పొయ్యి వెలిగించాను. అన్నం రెండు ముద్దలు లోపలికి దిగాక ఆమె తిట్టడం మొదలుపెట్టింది. వరసపెట్టి తిట్టింది. ఆమెను ఇటు తిప్పి, వీపు మీద పుండ్లు వేణ్ణీళ్ళతో కడుగుతూ విన్నాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. మర్నాడు నా ఇంటి బియ్యంతో వెళ్ళి వండాను. ఆ తర్వాత ఆమె బతికిన నాలుగేళ్ళూ వండాను.

రేపు దేవుడు సాక్షులెవరని అడిగితే చెబుతాను. ఆ రోజు గుడి తలుపు దగ్గర ఉన్నది సంఘ పెద్ద, అతని తమ్ముడు, అయ్యగారు, నాకు అక్షరాలు నేర్పిన పాస్టరమ్మగారు, గంట కొట్టే ముసలాయన, స్త్రీల సమాజం ఆడవాళ్ళు ఆరుగురు, వాళ్ళలో ఒకతె, దొంగబియ్యమన్నది, నా సొంత కోడలు. పాకలో ఉన్నది ఆమె, నేను.