అక్కను నడిపించబోయి

సిరిసిల్లలో ఉండే మా అక్కకు పోయినేడు గుండెపోటు వచ్చింది. సమయానికి కరీంనగర్ తీసుకెళ్లారు, స్టెంటు వేశారు, బతికింది. ఇంటికి పంపే రోజు డాక్టరు పక్కన నిలబడ్డ నన్ను చూసి, "నువ్వేం పని చేస్తవమ్మా?" అని అడిగాడు. కోరుట్లలో బీడీలు చుడతానన్నాను.

"ఆమె ఇన్నేండ్లు కూసోని మగ్గాలకు నూలు కండెలు చుట్టింది, నువ్వు కూసోని బీడీలు చుడుతున్నవ్. ఇద్దరు రోజు నడువుండ్రి. ఆమె మెల్లగ, నువ్వు జర జోరుగ."

చెప్పడం తేలికే. కోరుట్లలో నేనెక్కడ నడవాలి? మొదటిరోజు కొడుకు బూట్లు వేసుకుని, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బయటికి వస్తే, ఎదురింటామె వాకిలి ఊడవడం ఆపి నిలబడింది.

"గింత పొద్దుగాల్ల ఎటు పోతున్నవే? ఎవలన్న పోయిండ్రా?"

"నడువబోతున్న."

"అయ్యో, సుగరచ్చిందా?"

కాలేజీ గ్రౌండుకు పోతే గేటుకు తాళం. మెయిన్ రోడ్డు మీద ఇసుక ట్రాక్టర్లు, సందుల్లో కుక్కలు. తిరిగొచ్చేసరికి మా అత్త గుమ్మంలోనే అందుకుంది. "పొద్దందాక ఇంట్ల తిరుగుతనే ఉంటవ్, గది నడుసుడు గాదా?" బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నడుములు పట్టేసేదాకా కూర్చునేదాన్ని పట్టుకుని ఆ మాట! ఒళ్లు మండింది. అయినా మానలేదు. రోజూ అక్కకు ఫోన్ చేసి, నడిచావా అని అడిగేదాన్ని. "ఆఁ, నడిసిన" అనేది.

ఒకరోజు అక్క బిడ్డే ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ అబద్ధం చెప్తున్నది. గడప దాటుతలేదు."

మరునాడే కథలాపూర్ మీదుగా వేములవాడ పోయి, అక్కడ బస్సు మారి సిరిసిల్లలో దిగాను. అక్క మంచం మీద టీవీ ముందు కూర్చుని ఉంది.

"స్టెంటు ఏసిండ్రు గదనే, ఇంక నడుసుడెందుకు?"

"గా స్టెంటు నిన్ను ఎత్తుకోని తిప్పుతదా? లే!"

చెయ్యి పట్టి లాక్కొచ్చాను. సందుకు రెండు వైపులా సాంచాలు ఆడుతున్నాయి. ఆ మగ్గాల మోతలో పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. సగం దూరం నడిచిందో లేదో, అక్క ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఎవరిదో అరుగు మీద కూలబడింది.

"నొప్పి లేస్తుందా?"

"లేదు."

"మరి గింతకే కూసుంటివేంది?"

"భయమైతుందే చెల్లె!" అని అరిచింది. "గుండె జర జోరుగ కొట్టుకుంటె సాలు, మళ్లచ్చిందనుకుంట. ఆ దినం గూడ గిట్లనే కొట్టుకున్నది."

నా కోపం పోలేదు, మరోవైపు తిరిగింది. నడువుండ్రి అని ఒక్క ముక్క చెప్పి పంపారు. నడిస్తే గుండె వేగంగా కొట్టుకుంటుందని, అది మామూలేనని, ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు అక్కర్లేదో ఒక్కరూ చెప్పలేదు. తర్వాతిసారి చూపించడానికి పోయినప్పుడు డాక్టరు మమ్మల్ని పంపేసేలోపే అడిగాను.

"మాట్లాడుకుంట నడిసేటంత వేగం సాలు. ఛాతిల నొప్పి, చెమటలు, కండ్లు తిరుగుడు అయితె ఆగి ఎంటనే రావాలె. గుండె కొంచెం జోరుగ కొట్టుకునుడు మామూలే" అన్నాడు.

"గీ ముచ్చట అప్పుడే చెప్తె అయిపోతుండె గద సారు."

ఆయన అప్పటికే తర్వాతి పేషంటును పిలిచాడు.

ఇప్పుడు అక్క తన బిడ్డను తోడు తీసుకుని సందు చివరిదాకా పోయి వస్తోంది. అదీ రోజూ కాదు. ఒకరోజు మోకాళ్లంటుంది, ఒకరోజు ఎవరిదో పెళ్లంటుంది. నిన్న వాన పడుతోందంది. మా దగ్గర ఎండ కాస్తోంది. నమ్మలేక బిడ్డకు ఫోన్ చేశాను.

"నిజమే చిన్నమ్మా, మస్తు వాన. అమ్మ వరండల అటు ఇటు తిరుగుతున్నది."