నేను కత్తిరించిన జవాబు

పదకొండు సెకన్ల ఆడియో ముక్క ఒకటి ఆరేళ్ళుగా నా గుండె మీద కూర్చుని ఉంది. దింపుకుందామని చాలాసార్లు అనుకున్నాను. ఎవరి దగ్గర దింపుకోవాలి? మా ఆయనకు చెబితే ఓస్ ఇంతేనా అంటాడు. ఆ మాట నేను భరించలేను. చెప్పవలసినవాళ్ళకు చెప్పే ధైర్యం లేదు. అందుకని ముఖం తెలియని మీకు చెబుతున్నాను. మధ్యలో లేచి వెళ్ళిపోకండి. ఇంకోసారి చెప్పలేను.

నేను టీచర్ని. కొత్తవలస దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, హుకుంపేట వైపు బడిలో ఉద్యోగం వచ్చి కొండెక్కాను. వాదనలో ఓడిపోవడం చిన్నప్పటి నుంచీ నాకు చేతకాదు. ఇది పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని మా అమ్మ ఎత్తిపొడిచేది. అప్పట్లో అది నాకు మెచ్చుకోలులా వినిపించేది.

మా మండలం కుర్రాళ్ళు నలుగురు కలిసి ఒక రాక్ బ్యాండ్ పెట్టారు. అందులో బేస్ గిటార్ వాయించేవాడు సుక్రా. శుక్రవారం పుట్టాడని ఆ పేరు. చర్చిలో పాటలకు వాయిస్తూ నేర్చుకున్నాడు. డ్రమ్స్ వాయించే బొంజు అతని చిన్నాన్న కొడుకు. పాడేవాడు అందగాడు, మాటకారి. ఎవరు ఇంటర్వ్యూకి వచ్చినా అతనే మాట్లాడేవాడు. సుక్రా స్టేజి మీద ఓ పక్కన తల వంచుకుని నిలబడేవాడు, జనం వైపు చూసేవాడే కాదు. కానీ పాటలు రాసేది అతను. "బుట్ట నిండలేదు" అన్న పాట బయటికొచ్చాక అరకు నుంచి విశాఖ దాకా కాలేజీ పిల్లల ఫోన్లలో అదే మోగింది.

నేను ఆ బ్యాండుకి ఒక ఫ్యాన్స్ గ్రూపు పెట్టాను, దొంగ పేరుతో. టీచరమ్మ రాక్ బ్యాండు వెంట పడిందంటే ఊళ్ళో నవ్వుతారని. గ్రూపులో రోజూ గొడవే. సుక్రా రాసినవాటిలో ఏది గొప్పది? "బుట్ట నిండలేదు" అని నేను. కాదు, అంతకుముందు రైలు సొరంగాల మీద రాసిందే అసలు పాట అని ఇంకొకరు. అతనిది పొగరా, సిగ్గా అని ఇంకో తగువు. నేను సిగ్గనే వాదించేదాన్ని. విశాఖ నుంచి ఒకాయన ఉండేవాడు. కరెంటు స్తంభంలా నిలబడేవాడికి పాటలు రాయడం ఎక్కడిది, అవన్నీ పాడేవాడే రాసి జాలిపడి ఇతని పేరు వేయించాడు అన్నది ఆయన వాదన. కాదంటే ప్రూఫ్ చూపించమనేవాడు. చూపించేదాకా నాకు అన్నం సహించలేదు. నవ్వుతారేమో, నిజంగానే సహించలేదు.

ఆ ఏడు కాఫీ పళ్ళ కోతప్పుడు సుక్రా వాళ్ళ ఊరు వెళ్ళాను. అతని చెల్లెలు నా దగ్గర చదువుకుంది, ఆ చనువు. మిరియాల తీగలు పాకిన చెట్ల కింద సుక్రా, వాళ్ళమ్మ, ఇంకా ఊరి ఆడవాళ్ళు నడుముకు బుట్టలు కట్టుకుని కోస్తున్నారు. బొంజు కొయ్యడం మానేసి ఫోన్ పట్టుకుని అందరికీ ఫొటోలు తీస్తూ తిరుగుతున్నాడు. అక్కడ ఒక పద్ధతి ఉంది. కోస్తూ కోస్తూ ఒకరు ఒక మాట పాడతారు. పక్క చెట్టు దగ్గరున్నవాళ్ళు దానికి అప్పటికప్పుడు జవాబు కట్టి పాడాలి. కట్టలేకపోతే ఆ పూటంతా ఎగతాళే. రెండూ కలిస్తేనే పాట. అది ఎవరిదని అక్కడ ఎవరూ అడగరు.

"బుట్ట నిండలేదు" అలాగే పుట్టిందట. నేను అడిగితే మళ్ళీ పాడారు. బుట్ట నిండలేదు, మంచు దిగిపోయింది, ఇంటికెలా పోను అని వాళ్ళమ్మ తమ భాషలో ఎత్తుకుంది. నిండకపోతే మంచే పొయ్యమ్మా బుట్టలో, ఇంటికెళ్ళి పొయ్యి మీద పెడదాం అని సుక్రా జవాబిచ్చాడు. జనానికి పిచ్చెక్కించింది ఆ జవాబే. విశాఖలో రికార్డింగ్ వాళ్ళు రచన దగ్గర ఒక్క పేరే రాయాలన్నారట. నీ పేరే రాసుకోరా అని తల్లే అందట. ఇదంతా సుక్రా సిగ్గుపడుతూ చెప్పాడు.

నేను గట్టు మీద కూర్చుని, ఒడిలో ఫోన్ పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా రికార్డు చేశాను. సుక్రా జవాబు అందుకోగానే పట్టలేక "అబ్బ, ఇదే, ఇదే" అన్నాను. ఆ మాట కూడా అందులో పడింది.

ఇంటికొచ్చి గ్రూపు చూస్తే విశాఖాయన మళ్ళీ ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆ పాట సుక్రా ఇంట్లోనే పుట్టిందని చూపించాలి, అంతే నా తపన. కానీ నా గొంతు మండలంలో సగం మంది పిల్లలకు తెలుసు. అందుకని తల్లి పాడడం అయిపోయిన చోట కోసేశాను. మిగిలింది పదకొండు సెకన్లు. సుక్రా వాళ్ళమ్మ గొంతు ఇది, ఇదిగో ప్రూఫ్ అని గ్రూపులో పెట్టాను. కొడుకు జవాబు పోతోందని నాకప్పుడు తట్టలేదా? తట్టింది. తట్టలేదని రాద్దామని ఇప్పుడు కూడా చెయ్యి వెళ్ళింది. తట్టినా, ఆ క్షణాన విశాఖాయన నోరు మూయించడమూ, నేను దొరక్కుండా ఉండడమూ, ఈ రెండే నాకు కావలసి వచ్చాయి. సుక్రా కోసమే వాదిస్తున్నానని అనుకుంటూనే సుక్రాని పక్కన పెట్టేశాను.

తెల్లారేసరికి అంతా తిరగబడింది. పాట మొత్తం తల్లిదేనట, కొడుకు తన పేరు వేసుకున్నాడట. అమ్మ పాట అమ్ముకున్నవాడు అని ఎవరో రాశారు, అదే పేరైపోయింది. తల వంచుకుని నిలబడేది ఇందుకేనన్నమాట అన్నారు. నిన్నటిదాకా సిగ్గు అని నాతో గొంతు కలిపినవాళ్ళే దొంగ అన్నారు. నేను ఆ ముక్క తీసేశాను. అప్పటికే ఎన్ని చోట్లకు పాకిందో. పూర్తి రికార్డు పెడితే ఒక్క గంటలో సర్దుకునేది. నా పేరు బయటపడేది, అంతే కదా? అంతే. ఆ అంతేకే భయపడి దాన్ని కూడా ఫోన్‌లోంచి చెరిపేశాను. జవాబు కొడుకుదేనని తల్లి నిజం చెప్పింది, తల్లన్నాక కొడుకుని కాపాడుకోదా అన్నారు. ఇద్దరూ మళ్ళీ పాడి చూపిస్తే తల్లికి నేర్పి పాడించాడు అన్నారు.

పది రోజులకు సుక్రా మా బడికి వచ్చాడు. పిల్లలు భోజనాలు చేస్తున్నారు. వరండా కిందే నిలబడ్డాడు, రమ్మన్నా పైకి రాలేదు.

"ఆరోజు మీరున్నారు కదా టీచరమ్మా. బొంజు గానీ రికార్డు సేసినాడేటి? మీరు సూసినారా?"

నన్నెందుకు అడుగుతున్నావన్నాను.

"మీరు అబద్ధం సెప్పరు. ఆడు నా సిన్నాన్న కొడుకు. తెలీకుండా ఆడి మీద నింద ఎయ్యలేను."

నోరు తెరిస్తే నిజం వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు.

"అతని చేతిలో ఫోన్ ఉన్నట్టే గుర్తు సుక్రా."

చూశారా, ఇందులో ఒక్క అబద్ధం లేదు. బొంజు చేతిలో ఫోన్ ఉంది. ఎన్ని రోజులు నాకు నేను ఇదే చెప్పుకున్నానో. సుక్రా "అయితే ఆడే" అన్నాడు. వెళ్ళేముందు నాకు దండం పెట్టాడు.

బొంజు ఒట్లు పెట్టుకున్నాడట, ఏడ్చాడట. టీచరమ్మ చెప్పాక ఇంకేముంది? అన్నదమ్ముల రెండిళ్ళకూ ఉమ్మడిగా ఉన్న వాకిట్లో కంచె వేశారు. బొంజు ఊరు విడిచి పోయాడు. ఎక్కడున్నాడో వాళ్ళ నాన్నకే సరిగ్గా తెలియదు. బ్యాండు చెదిరిపోయింది. సుక్రా ఇప్పుడు అరకులో టూరిస్టులు దిగే ఒక హోటల్లో సినిమా పాటలకు బేస్ వాయిస్తాడు. అప్పటి నుంచి ఒక్క పాట రాయలేదు. వాళ్ళమ్మ కోతకు వెళ్తుంది గానీ ఎవరు ఎత్తుకున్నా జవాబివ్వదని అతని చెల్లెలు చెప్పింది. నా పాట నా కొడుక్కి చేటు తెచ్చింది అంటుందట.

గ్రూపు ఇంకా నడుస్తోంది. మూసేస్తే అనుమానం వస్తుందని ముందు మూయలేదు, తర్వాత అలవాటైంది. కొత్త పిల్లలు వస్తారు, అతని పాటల్లో ఏది గొప్పదని అడుగుతారు. గొప్పది అతనిది కాదు అని పాతవాళ్ళు చెబుతారు. పోయిన నెల ఉండబట్టలేక రాశాను, జవాబు సుక్రాదే, నా చెవులతో విన్నాను అని. విశాఖాయన ఇంకా ఉన్నాడు. ప్రూఫ్ ఏదన్నాడు. నా దగ్గర ఏముంది? ఇప్పుడు నా పేరు పెట్టి చెప్పినా అభిమానంతో అల్లిందంటారు. ఆరేళ్ళ కిందట ఒక్క మాటతో అయిపోయేది, ఇప్పుడు వంద మాటలతో కాదు.

పోనీ ఆ ఇంటికైనా వెళ్ళి చెప్పొచ్చు కదా? రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి జీపు దిగి, మలుపు దగ్గరే నిలబడి, ఎదురొచ్చిన జీపు ఎక్కేశాను. రెండోసారి వాకిలి దాకా వెళ్ళాను. వాళ్ళమ్మ కాఫీ గింజలు ఆరబోస్తోంది. నన్ను చూసి పీట వేసింది, నీళ్ళిచ్చింది, మా పిల్లలు ఎంతవాళ్ళయ్యారని అడిగింది. నీళ్ళు తాగి వచ్చేశాను.

వాళ్ళ పేర్లు రాశాను, నా పేరు రాయలేదు. దీన్నిబట్టే నేనెలాంటిదాన్నో మీకు తెలిసిపోతుంది. క్షమించమని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అది నాకొక్కదానికే, వాళ్ళకు ఏమీ మారలేదు. అయినా చెబుతున్నాను. బొంజు రికార్డు చెయ్యలేదు, అతను ఫొటోలు తీశాడు. రికార్డు చేసింది నేను. మంచుని బుట్టలో పొయ్యమన్నది సుక్రా. నేను విన్నాను. విని, కోసేశాను.