బావ కుడికాలు

మా బావ సిటీ బస్సు డ్రైవరు. ఆయన అసలు పేరు ఊళ్ళో చాలామందికి తెలియదు, మెత్తబ్రేకు అంటే మాత్రం ఇట్టే గుర్తుపట్టేవారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వచ్చిన బస్సు వదులుకుని మరీ ఆయన బస్సు కోసం స్టాపులో నిలబడేవారు. ముందు అద్దం దగ్గర నిండు గ్లాసు పెట్టినా ఆయన బండిలో తొణకదని కండక్టర్లు చెప్పుకునేవారు.

"బస్సులో తొణకదేమో గానీ, ఇంట్లో ఆయన చెయ్యి తగిలి పడని గ్లాసు లేదు" అనేది మా అక్క. అది విని అందరం నవ్వేవాళ్ళం.

విమానం ఎక్కాలని అక్కకి ఎన్నాళ్ళ ముచ్చటో. ఆ ఏడు బావ సెలవు పెట్టి, పదిమందితో పాటు పరాయి దేశం తీసుకెళ్ళే టూరులో చేర్పించాడు. నేను పుస్తకాలు చదువుతాను గనక ఎక్కడైనా నెగ్గుకొస్తానని వాళ్ళిద్దరి నమ్మకం. అందుకని నన్నూ వెంటబెట్టుకున్నారు. తీరా వెళ్ళాక అక్కడి బోర్డుల మీద ఒక్క ముక్క కూడా నాకు కూడబలుక్కోవడం రాలేదు.

"ఒరేయ్ బావమరిదీ, నీ చదువంతా మన ఊరి పొలిమేర దాకానేనట్రా" అన్నాడు బావ.

తిరిగి వెళ్ళిన వారంలోనే డిపోలో ఆయనకి కంటి పరీక్ష ఉంది. నెగ్గితే ఉద్యోగం ఉన్నంతకాలం స్టీరింగు ఆయనదే. తప్పితే షెడ్డులో కుర్చీ వేస్తారు. షెడ్డు మాటెత్తితేనే ఆయన మొహం మాడిపోయేది. "బతికుండగానే పాడె ఎక్కించడంరా అది" అనేవాడు. కానీ పరీక్ష గురించి ఆయనకి బెంగ ఉన్నట్టు కనబడలేదు. అక్కకే ఎందుకో ఉన్నట్టు తోచింది.

టూరులో ఒక రోజు ఎవరిష్టం వాళ్ళదని వదిలేశారు. పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. హోటలు గుమ్మం దాటుతూనే బావ ఎడమ భుజం తలుపు చట్రానికి ఠక్కుమని తగిలింది.

"వీళ్ళ బండ్లే కాదు, తలుపులు కూడా తిరకాసే" అన్నాడు భుజం రుద్దుకుంటూ. ఆ ఊళ్ళో బండ్లన్నీ రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. మనం ఇటు చూసి అడుగేస్తే అవి అటునుంచి వస్తాయి. ఎవరైనా తడబడాల్సిందే. నేనూ రెండుసార్లు హారను తిట్లు తిన్నాను. కాబట్టి బావ తడబాటు నాకు వేరే అనిపించలేదు.

తొందర లేని నడక. అంగళ్ళ అద్దాల ముందు అక్క ఆగిన చోటల్లా ఆగాం. ఒక వంతెన మీద బావ రెయిలింగుకి ఆనుకుని, ఏటి అవతల దూరాన ఉన్న గడియారం స్తంభం చూపించాడు.

"టైమెంతరా?"

నాకు ముళ్ళే కనబడలేదు. ఆయన నిమిషాలతో సహా చెప్పాడు. నేను ఫోను తీసి చూసుకుంటే అక్షరాలా సరిపోయింది.

"డేగ కళ్ళు బావా నీవి."

"మరేమనుకున్నావు. డాక్టరు గోడకి తగిలించే అక్షరాల అట్ట మీద చివరి వరుసే కాదు, అట్ట అచ్చేసినవాడి పేరు కూడా చదివేస్తా."

అక్క నవ్వలేదు. ఏటి వైపు మొహం తిప్పుకుంది.

పార్కు పక్కన బస్సులు ఆగే చోటు కనబడగానే బావ కాళ్ళు అటు లాగాయి. మేమిద్దరం బల్ల మీద కూలబడ్డాం. అక్కడ ఒక డ్రైవరు నీడన నిలబడి ఏదో తాగుతున్నాడు. భాష లేదు, పరిచయం లేదు. అయినా కాసేపటికల్లా ఇద్దరూ అరచేతుల కాయలు ఒకళ్ళకొకళ్ళు చూపించుకుంటున్నారు. బావ గాలిలో గేరు మార్చాడు. అతను తలకొట్టుకుని, ఇప్పటి బండ్లకి గేర్లెక్కడివన్నట్టు చేతులు తిప్పాడు.

"చూశావా, పుట్టింటి చుట్టం దొరికినట్టుంది ఈయనకి" అన్నాను.

అక్క గొంతు తగ్గించింది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు నాలుగు పుస్తకాలు చదివినవాడివి. ఆయనకి నువ్వే చెప్పరా."

"ఏం చెప్పాలి?"

అక్క చెప్పబోయింది. ఈలోగా బావ చెయ్యి ఊపుతూ పిలిచాడు. ఆ బస్సు బయల్దేరుతోంది. "పదండి పదండి, ముందు సీటు ఖాళీగా ఉంది."

ఎక్కడికి పోతుందో మాకు తెలియదు. సెలవురోజు కదా, చివరిదాకా వెళ్ళి అదే బస్సులో వెనక్కి వద్దామన్నాడు. ముందు అద్దంలోంచి రోడ్డంతా కనబడే సీటులో ఆయన కూర్చున్నాడు. ఆయనకి ఎడమపక్కన అక్క. నేను వాళ్ళ వెనక.

ఆయనతో బస్సెక్కితే ఒక తమాషా ఉంది. ముందు ఏ అడ్డం వచ్చినా ఆయన కుడికాలు నేలని నొక్కుతుంది. అసలు డ్రైవరు కంటే ఒక క్షణం ముందే నొక్కుతుంది. లైటు ఎర్రబడితే నొక్కాడు. ముసలాయన రోడ్డు దాటుతుంటే నొక్కాడు. ముందు కారు నెమ్మదిస్తే నొక్కాడు.

"బావా, నీకు సెలవిచ్చారు గానీ కాలికి ఇవ్వలేదే."

"దాని సెలవు నా చేతుల్లో లేదురా. నిద్రలో కూడా తొక్కుతుందట, మీ అక్కనడుగు. పిక్కలు కమిలాయని గొడవ."

అంతలో ఎడమ సందులోంచి సైకిలు మీద ఒక అమ్మాయి దూసుకొచ్చింది. బస్సు కీచుమని ఆగింది. జనమంతా ముందుకి తూలారు. అక్క కమ్మీ పట్టుకుంది. నాకు తెలియకుండానే నా కాలు నేలని తొక్కేసింది.

బావ కుడికాలు కదల్లేదు.

ఆయన నుదురు వెళ్ళి ఎదుటి కమ్మీకి కొట్టుకుంది. తలెత్తేసరికి ఆ అమ్మాయి కుడివైపుకి దాటిపోతోంది.

"ఎక్కణ్ణించి ఊడిపడిందిరా ఇది?"

"ఎడమ సందులోంచి బావా."

"నీకెప్పుడు కనబడింది?"

ఆ ప్రశ్న డ్రైవరుగా అడిగాడు. అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. "సందు మొదట్లో ఉన్నప్పుడే" అన్నాను.

ఆయన తల దించి తన కుడికాలి వంక చూశాడు. దొంగ వచ్చినా మొరగని పెంపుడు కుక్కని చూసినట్టు చూశాడు. ఆ తర్వాత దారిలో మళ్ళీ ఎర్రలైట్లు వచ్చాయి. ప్రతిసారీ ఆ కాలు నొక్కుతూనే ఉంది. ఎదురుగా వచ్చిన దేన్నీ అది వదల్లేదు.

చివరిదాకా వెళ్ళలేదు. తర్వాతి స్టాపులోనే దిగుదామన్నాడు.

హోటలుకి నడుస్తూ ఒక పెద్ద కూడలి దగ్గర ఆగాం. లైటు పచ్చబడింది, పక్కవాళ్ళంతా దాటారు. బావ అడుగు వెయ్యలేదు.

"వెళ్దామా బావా?"

"ఉండు."

మళ్ళీ పచ్చబడింది. మళ్ళీ ఎర్రబడింది. పెద్ద పెద్ద బండ్లని ఇరుకు వీధుల్లో గీత పడకుండా తిప్పిన మనిషి, తెల్లగీతల మొదట్లో నిలబడిపోయాడు. అక్క వచ్చి ఆయన ఎడమ చెయ్యి పట్టుకుంది.

"ఏమే, పొద్దుట్నించీ నువ్వు ఇటుపక్కనే నడుస్తున్నావు కదూ."

"పొద్దుట్నించి కాదులెండి. ఏడాది బట్టి."

ఆయన అక్క వైపు తల పూర్తిగా తిప్పాడు. "ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఏమని చెప్పమంటారు. చెబితే మీకు షెడ్డు. చెప్పకపోతే బస్సు నిండా జనం. మీకు క్యారేజీ కట్టిచ్చింది మొదలు, మీరు మళ్ళీ గడప తొక్కేదాకా నాకు ముద్ద దిగేది కాదు. మంచినీళ్ళు మీకు ఎడమవైపు పెట్టడం ఎప్పుడో మానేశాను, అదైనా గమనించారా?"

"పరీక్షలో నెగ్గుతానే నేను" అన్నాడు బావ. గొప్పగా అనలేదు. "అక్షరాలు ఎదురుగానే ఉంటాయి కదా."

"నెగ్గుతారు. నా భయమే అది."

ఇద్దరూ నా వైపు చూశారు. చదివినవాణ్ణి కదా, ఏదో ఒకటి అంటానని. ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను. ఏ బండి ఎటునుంచి వస్తుందో నాకూ సరిగా తెలియదు. లైటు ఇంకోసారి పచ్చబడ్డాక ముగ్గురం చిన్నపిల్లల్లా దాటాం.

మిగిలిన రోజులు టూరువాళ్ళు చూపించినవన్నీ చూశాం. బావ అన్నిటికీ బాగుంది బాగుంది అన్నాడు. బస్సెక్కినప్పుడల్లా వెనక సీటుకి పోయి, కాళ్ళు సీటు కిందికి మడుచుకుని కూర్చున్నాడు.

డిపోలో ఏం జరిగిందో ఆయనే తర్వాత నాకు చెప్పాడు. అట్ట చివరి వరుస దాకా గడగడా చదివేశాడట. డాక్టరు మెచ్చుకుని కాగితం మీద సంతకం పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడట.

"సార్, ఒక్క నిమిషం. నేను ఎదుటికే చూస్తుంటాను. మీరు ఎడమపక్క నుంచి వేలు తీసుకురండి."

డాక్టరు వేలు తెచ్చాడు. వేలు ఎక్కడిదాకా వచ్చిందో బావకి తెలియలేదు. వచ్చిందా సార్, వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడట. ఎదురుగా గోడ మీద అట్ట మాత్రం, కింద అచ్చేసినవాడి పేరుతో సహా, స్పష్టంగా కనబడుతూనే ఉందట.