ఫొటో కింద ఒక్క అక్షరం

ఇండోనేషియాలోని మకస్సర్‌లో జిల్లా ఆఫీసు ఎదురుగా గుర్తింపు కార్డు ఫొటోలు తీసే కొట్లు ఏడున్నాయి. ఐదోది డాయెంగ్ చాయది. మనిషి అడ్డంగా నిలబడితే తలుపు మూతపడేంత కొట్టు. ఒక స్టూలు, గొడుగు లైటు, గోడకి రెండు గుడ్డలు. బేసి సంవత్సరంలో పుట్టినవాళ్ల వెనక ఎర్ర గుడ్డ ఉండాలి, సరి సంవత్సరం వాళ్ల వెనక నీలం గుడ్డ. ప్రభుత్వం ఇలా ఎందుకు పెట్టిందో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు. పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్లకి పుట్టిన ఏడాదీ తెలీదు. అప్పుడు ఆవిడే మొహంలోకి ఒకసారి చూసి, "నీలం" అని తేల్చేది. అలా ఆ జిల్లాలో కొన్ని వందల మంది వయసు ఆవిడ నిర్ణయించింది.

అసలు పేరు నురైదా. కానీ మా దగ్గర పెద్దవాళ్లని ఉత్త పేరుతో పిలిస్తే గొడవకి దిగినట్టే లెక్క. తాతో మేనత్తో పెట్టిన మర్యాద పేరొకటి ఉంటుంది, దాని ముందు డాయెంగ్ అని చేర్చి పిలవాలి. పెళ్లి పత్రిక మీదా సమాధి రాయి మీదా కూడా అదే ఉంటుంది.

మొగుడు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. ఆయన పోయాక పెద్ద కెమెరా ఆవిడకి మిగిలింది, పెళ్లిళ్లు మాత్రం మగ ఫొటోగ్రాఫర్లకి పోయాయి. నేను పనిచేసే సేవాసంస్థలో అప్పట్లో దీవుల మీదికి వచ్చే ఫొటోగ్రాఫరు దొరక్క ఇబ్బంది పడుతున్నాం. జకార్తా నుంచీ విదేశాల నుంచీ స్వచ్ఛందంగా వచ్చే పిల్లలు ఉండేవాళ్లు. చేంతాడంత లెన్సులు. నాలుగు రోజుల్లో మూడు వందల సూర్యాస్తమయాలు తీసి, పడవ దిగేటప్పుడు మమ్మల్ని కావలించుకుని ఏడ్చి వెళ్లిపోయేవాళ్లు. రిపోర్టులో పెట్టడానికి ఒక్క రోగి మొహం ఉండేది కాదు.

కార్డు ఫొటో దిగడానికి వెళ్లినప్పుడు ఆవిడని అడిగాను.

"జీతం లేదు డాయెంగ్. భోజనం, పడవ ఖర్చు ఇస్తాం. పడవలో వాంతులవుతాయా మీకు?"

"అవుతాయి. చేసుకుంటూ కూడా తీస్తాను. తల పైకెత్తు, గడ్డం కాదు, తల."

ఆవిడ సేవాభావం గురించి మా వార్షిక నివేదికలో ఒక పేజీ ఉంది. రాసింది నేనే కాబట్టి అది నమ్మొద్దని చెప్పే హక్కు నాకుంది. ఎందుకు వస్తున్నారంటే ఆవిడ చెప్పిన కారణం ఒక్కటే, స్టూలు మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోందట.

ఆరేళ్లలో నలభై దీవులు తిరిగింది. చీలిక పెదవుల పిల్లలు, శుక్లాల ముసలమ్మలు, మొసలి చెయ్యి పట్టుకెళ్లినవాడొకడు. ఎక్కడికెళ్లినా ఆ రెండు గుడ్డలూ సంచీలో ఉండేవి. ముందు ప్రతివాళ్లనీ గుడ్డ ముందు కూర్చోబెట్టి, తల దువ్వించి, మంచి ఫొటో ఒకటి తీసి ఇంటికిచ్చేది. మాకు కావలసిన దీనమైన ఫొటో ఆ తర్వాతే. "మీ ఫొటోలో జనం మరీ బాగున్నారమ్మా, దాతలు నమ్మడం లేదు" అని జకార్తా నుంచి ఒకమ్మాయి ఫోన్ చేస్తే, "బాగోలేని వాళ్లని మీ ఆఫీసులో వెతుక్కోండి" అని పెట్టేసింది.

తాకబిరింగ్ మకస్సర్‌కి ఐదు గంటల దూరం. ఊరంతా గజ ఈతగాళ్లు. సైకిల్ ట్యూబుల్లో గాలి కొట్టే కంప్రెసర్‌కి రబ్బరు గొట్టం తగిలించి, దాన్ని పళ్ల మధ్య పట్టుకుని, చైనా వాళ్ల పులుసుల్లో వేసే సముద్ర దోసకాయలనే మెత్తటి జీవాల కోసం అడుక్కి దిగుతారు. నెమ్మదిగా పైకి రావాలి, లేకపోతే ఒంట్లో గాలి బుడగలు కట్టి నరాలు చచ్చుబడతాయి. కంప్రెసర్ ఆగిపోతే నెమ్మదిగా రావడం కుదరదు. అలా ఒక్కసారి గబుక్కున పైకి వచ్చినవాళ్లు ఆ దీవిలోనే తొమ్మిదిమంది, చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. నడుం కింద ఏమీ పనిచెయ్యదు.

వాళ్లలో సంగ్‌కల డాయెంగ్ మాలే ఒకడు. నలభై రెండేళ్లు. భుజాలు ఇప్పటికీ తలుపు చెక్కల్లా ఉంటాయి, కాళ్లు మాత్రం పిల్లవాడివి. భార్య రమ్లా, పన్నెండేళ్ల కూతురు సుహర్ని. మా సంస్థ వీల్‌చైర్ల కోసం చందాలు ఎత్తుతోంది. దానికొక ఫొటో కావాలి.

డాయెంగ్ చాయ సంచీలోంచి గుడ్డలు తీసింది.

"ఏ ఏడాది పుట్టావు?"

"మా నాన్న పడవ మునిగిన ఏడాది."

"సరిదా, బేసిదా?"

"మునిగింది ఒక్క పడవే. ఎర్రది పెట్టు డాయెంగ్. నీలం నీళ్ల కింద చాలా చూశాను."

రమ్లా నవ్వాపుకోలేక లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా తెచ్చింది. ఆ ఫొటో అయ్యాక అతనే, "ఇక నువ్వు వచ్చిన పని కానీ" అన్నాడు. ఆవిడ ఎర్ర గుడ్డ మడవడం మొదలుపెట్టింది. "సిగ్గెందుకు? రోజూ ఊరందరూ చూసేదే కదా" అని చొక్కా విప్పి మడిచి పెట్టి, గుమ్మం దిగి, మోచేతుల మీద నీళ్ల వైపు పాకాడు. ఆవిడ ఇసుక మీద బోర్లా పడుకుని తీసింది. ముందు అతని మొహం, చమట, వెనకాల ఇసుకలో కాళ్లు గీసిన రెండు గీతలు. నీళ్లలోకి దిగాక అతన్ని ఎవరూ అవిటివాడనుకోరు. కానీ ఆ ఫొటోలు మాకు అక్కర్లేదు.

ఫొటో వాడుకోవచ్చన్న కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాం. ఫొటో కింద నాలుగు ముక్కలు నేను రాశాను. ఆ ఏడాదే మాకు జకార్తాలో మూడు రోజుల శిక్షణ జరిగింది. సాయం పొందేవాళ్ల గౌరవాన్ని ఎలా కాపాడాలి అన్నది అంశం. ఎయిర్ కండిషన్డ్ హాలు, మధ్యాహ్నం రెండు రకాల కోడి కూర. అక్కడ నేర్చుకొచ్చిన ప్రకారం పూర్తి పేరు రాయకూడదు. కాబట్టి ఇలా రాశాను. 'ఎస్. (42), తాకబిరింగ్ దీవికి చెందిన నిరుపేద జాలరి.' జాగ్రత్తగా పని చేశానని నాకు తృప్తిగా కూడా ఉండింది.

ఇంటర్నెట్లో పెట్టిన ఆ ఫొటో జనాన్ని కదిలించింది. ఐదు వారాల్లో ముప్పై ఒక్క వీల్‌చైర్లకి సరిపడా ఇస్తామని మాటిచ్చారు, అప్పటికి చేతికందింది తొమ్మిదింటికే. మొదటి విడతగా తాకబిరింగ్‌కి తొమ్మిది వెళ్లాయి. చుట్టుపక్కల దీవులవాళ్లకి మిగతావి రెండో విడతలో రావాలి.

అప్పుడు రమ్లా నుంచి డాయెంగ్ చాయకి ఫోన్ వచ్చింది. ఆ దీవిలో సిగ్నల్ రేవు చివర తప్ప దొరకదు. గాలి హోరులో మాట సరిగ్గా వినపడలేదు కానీ వినవలసింది వినపడింది.

"ఆ ఫొటో వల్ల మా పిల్ల బడి మానేసింది డాయెంగ్. పదకొండు రోజులైంది. వాళ్ల నాన్న దాంతో మాట్లాడటం లేదు, అది వాళ్ల నాన్నతో మాట్లాడటం లేదు. మీరు మళ్లీ మా దీవికి రావద్దు."

ఆవిడ కొట్టు మూసి మా ఆఫీసుకి వచ్చింది. "తీసెయ్" అంది. తీసేస్తే రెండో విడత ఆగిపోవచ్చని నేనన్నాను. నిజమే. ఇరవై రెండు మంది పేర్లు జాబితాలో ఉన్నాయి. ఆవిడకి ఆ జాబితాలో సగంమంది మొహాలు తెలుసు. కుర్చీ చేతిమీద గోటితో గీరింది.

"సరే. వాణ్ణే అడుగుతాను. తియ్యమంటే తియ్యాలి, ఇరవై రెండూ గిరవై రెండూ నాకు చెప్పకు. నువ్వు కూడా రా."

రావద్దన్న దీవికి అలా వెళ్లాం. దారంతా ఆవిడ పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంది.

వీల్‌చైర్ ఇంటి పక్కన నీడలో ఉంది. దాని మీద ఎండు చేపల బుట్ట. తాకబిరింగ్‌లో సిమెంటు బాట ఒక్కటే, మసీదు నుంచి రేవుకి. మిగతాదంతా పగడపు ఇసుక. చక్రం జానెడు దిగబడుతుంది. ఈ సంగతి చందాలిచ్చినవాళ్లకి మేం చెప్పలేదు.

సంగ్‌కల గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు. రమ్లా టీ పెట్టింది, అంటే గెంటెయ్యరన్నమాట. డాయెంగ్ చాయ మెట్టు మీద, అతని కంటే కింద కూర్చుంది.

"నువ్వు పాకే ఫొటో తియ్యకుండా ఉండాల్సింది. తప్పు నాది. ఊఁ అను, రేపటికల్లా ఎక్కడా లేకుండా చేయిస్తాను."

"పాకడం గురించి ఎవరన్నారు?" అన్నాడతను.

"మరి?"

"పాకుతూనే ఉన్నాగా. నిన్న పాకాను. ఇందాక పాకాను. అది చూసి ఈ ఊళ్లో పిల్లి కూడా పక్కకి తప్పుకోదు." వల పక్కన పెట్టాడు. "సుహర్నీ. బయటికి రా. వీళ్లకి నువ్వే చెప్పు."

పిల్ల తలుపు దగ్గరే ఆగింది. గోడకి చెప్పినట్టు చెప్పింది.

"మా నాన్న దొంగంటున్నారు."

మాకు అర్థం కాలేదు.

"పేపర్లో దొంగల పేర్లు అలాగే కదా రాస్తారు. ఒక్క అక్షరం, పక్కన వయసు. పారిపోబోతే పోలీసులు కాళ్ల మీద కాల్చారని కింద ఉంటుంది. మా క్లాసులో అందరూ అదే అడుగుతున్నారు. మీ నాన్న ఏం దొంగతనం చేశాడే, కాళ్ల మీద ఎన్ని తూటాలు తగిలాయే అని. పక్క దీవుల నుంచి వచ్చే పిల్లలకి మా నాన్న ఎవరో తెలీదు. ఆ ఫొటోయే తెలుసు."

నేను ఈ దేశంలో పుట్టి, ఇక్కడి పేపర్లు చదువుకుంటూ పెరిగాను. పొద్దున్నే కాఫీతో పాటు 'ఆర్. (29)', 'ఎం. (35)' అనే దొంగలని వేలసార్లు చదివాను. రాసేటప్పుడు అది తట్టనే లేదు. మూడు రోజుల శిక్షణ అంత బాగా ఎక్కిందన్నమాట.

"ఆ అక్షరం ఎవరు పెట్టారు?" అంది డాయెంగ్ చాయ, తెలిసి కూడా.

"నేనే. మీ గౌరవం కాపాడటానికి అలా రాయాలని రూలు ఉంది" అన్నాను.

సంగ్‌కల అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే చూశాడు.

"అయ్యా, నేను సిగ్గుపడే పని చేశానా?"

"లేదు."

"మరి నా పేరు దాచావేం? కాళ్లు చూపించావు, పక్కటెముకలు చూపించావు. మా నాన్న ఇచ్చిందొక్కటీ దాచావు. ఇంకోటి. నిరుపేద జాలరి అని రాశావట. నేను జాలరిని కాదు. వలేస్తే చిన్నపిల్లాడికీ చేపలు పడతాయి. నేను కిందికి దిగేవాణ్ణి."

రమ్లా లోపల్నుంచి, "టీ చల్లారిపోతోంది, తాగి తిట్టుకోండి" అంది. తాగాం.

"అయితే ఫొటో ఉంచమంటావా?" అని అడిగింది డాయెంగ్ చాయ.

"ఆ పక్క దీవిలో బద్దూకి బండి రావాలి కదా. వాడికి సిమెంటు బాట ఉంది. ఉంచు. మనిషిని మనిషిలా రాయించు."

తిరిగొచ్చి జకార్తాకి రాశాను. రెండు రోజుల తర్వాత మర్యాదగా జవాబొచ్చింది. విధానం ప్రకారం గుర్తింపు వివరాలు వెల్లడించలేమని, కావాలంటే 'తాకబిరింగ్ నుంచి ఒక తండ్రి' అని మార్చవచ్చని. నేను దాన్ని డాయెంగ్ చాయకి చదివి వినిపించాను. ఆవిడ ఎవరికో కార్డు ఫొటో కత్తిరిస్తోంది, కత్తెర ఆపలేదు.

"ఒక తండ్రి అంట. అబ్బాయ్, నేను ఈ ఆరేళ్లలో మీకు తీసినవి ఎన్ని ఉంటాయి?"

"పదకొండు వేల పైన."

"వాటిలో ఏ ఒక్కటీ మీరు వాడటానికి వీల్లేదని రేపు ఒక కాగితం రాసి పంపుతాను. రాసిపెట్టేదీ నువ్వే, నాకు అంత బాగా రాయడం రాదు. లేదా ఇప్పుడే ఆ కంప్యూటర్ తెరువు. నీ ఇష్టం."

తెరిచాను. ఆవిడ నా వెనక నిలబడి చెప్పింది, నేను కొట్టాను. 'సంగ్‌కల డాయెంగ్ మాలే, తాకబిరింగ్. హాజీ బొరహిమా కొడుకు, సుహర్ని తండ్రి. ముప్పై ఎనిమిది మీటర్ల లోతుకి దిగిన గజ ఈతగాడు. కంప్రెసర్ ఆగిపోయిన రోజు నుంచి నడవలేడు.' నిరుపేద అన్న మాట తీసేశాం. దాంతో చందాలు తగ్గుతాయని నా మనసులో ఒక మూల లెక్క వేసుకున్న మాట దాచను. కొంచెం తగ్గాయి కూడా. ఇరవై రెండు బండ్లకి పంతొమ్మిదే వచ్చాయి. బద్దూకి అందింది. అందని ముగ్గురి పేర్లూ నాకు కంఠతా వచ్చు. పేరు పెట్టడమే గెలుపన్నట్టు ఎవరైనా ఈ కథ చెబితే ఆ ముగ్గుర్ని గుర్తు చేస్తుంటాను.

నాకు జకార్తా నుంచి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. డాయెంగ్ చాయ ఇంకో రెండేళ్లు మాతో తిరిగింది. కెమెరా తీసేముందు ప్రతి మనిషి చేతా పేరు పూర్తిగా చెప్పించుకుని, తిరిగి వాళ్లకే చదివి వినిపించేది.

ఫొటో కింది రాత మార్చిన రోజు సాయంత్రం తాకబిరింగ్‌కి ఫోన్ కలిపాం. అతను సిమెంటు బాట మీద వీల్‌చైర్‌లో రేవు చివరికి వచ్చాడట. ఆ బండికి పని దొరికింది ఆ ఒక్క దారిలోనే. డాయెంగ్ చాయ చదివింది.

"నలభై రెండు" అన్నాడు.

"ఏమిటి?"

"మీటర్లు. ముప్పై ఎనిమిది మా బావ."

మార్చాం.

సోమవారం ఆ పిల్ల బడికెళ్లిందని రాస్తే బాగుంటుంది. వెళ్లలేదు. మంగళవారం, బుధవారం కూడా వెళ్లలేదు. గురువారం వెళ్లింది. ఆ మూడు రోజులూ ఏం చేసిందో రమ్లా తర్వాత చెప్పింది. ఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి, వాళ్లని రేవు చివరికి పిలుచుకొచ్చి, ఫొటో తెరవమని, కింద రాసింది పైకి చదవమని అడిగిందట. చదవడం రానివాళ్లకి తనే చదివిందట. తాకబిరింగ్‌లో ఫోన్ ఉన్న ఇళ్లు అరవై మూడు.